జంట మోటారుల నమూనా పడవలో వేగ నియంత్రకం

వేగ నియంత్రకం అనగా బ్యాటరీతో నడిచే నమూనా పడవలో బ్యాటరీకి, మోటారుకు మధ్య అమర్చే ఎలక్ట్రానిక్ పరికరం. ఒడ్డున ఉన్న వ్యక్తి రేడియో ద్వారా పంపిన ఆదేశాన్ని పడవలోని రిసీవర్ అందుకొని దీనికి చేరవేస్తుంది. దానికి అనుగుణంగా ఇది మోటారు వేగాన్ని, తిరిగే దిశను మారుస్తుంది. వాడుకలో దీనిని స్పీడ్ కంట్రోలర్ అని, క్లుప్తంగా ఈఎస్‌సి అని పిలుస్తారు.

రెండు మోటారులు, రెండు ప్రొపెల్లర్లు గల పడవకు కంట్రోలరును ఎంచుకొనేటప్పుడు ముఖ్యంగా రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. రెండు మోటారులకు కలిపి ఒక కంట్రోలరు చాలునా, లేక రెండు కావలెనా అనేది మొదటిది. దాని సామర్థ్యం ఎన్ని ఆంపియర్లు ఉండాలి అనేది రెండవది. ఈ రెండింటికీ జవాబు మోటారు పెట్టెపై అచ్చువేసిన అంకెలలో దొరకదు. ఆ మోటారు ఆ ప్రొపెల్లరును నీటిలో తిప్పేటప్పుడు ఎంత కరెంటు తీసుకుంటుంది, ప్రొపెల్లరు దేనికైనా చిక్కుకొని ఆగిపోతే ఎంత తీసుకుంటుంది అనే రెండు కొలతలపై ఈ ఎంపిక ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

రేడియో సంకేతాలతో నడిచే పడవను మొదటిసారి బహిరంగంగా ప్రదర్శించినవాడు నికోలా టెస్లా. 1898లో న్యూయార్క్ నగరంలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక నీటి తొట్టెలో ఆయన ఈ పడవను నడిపి చూపాడు. అదే సంవత్సరం నవంబరు 8న దీనికి అమెరికా పేటెంటు లభించింది. ఆ పడవలో బ్యాటరీలు, చోదక మోటారు, చుక్కానిని తిప్పే మోటారు ఉండేవి.

తరువాతి కాలంలో నమూనా పడవలలో వేగాన్ని తగ్గించడానికి నిరోధపు తీగలను వాడేవారు. ఒక చిన్న సర్వో మోటారు ఒక మీటను జరిపి, కరెంటు దారిలో ఎక్కువ లేదా తక్కువ నిరోధాన్ని చేర్చేది. మోటారుకు అందని శక్తి ఆ తీగలో వేడిగా వృథా అయ్యేది. పడవ సగం వేగంతో వెళుతున్నా బ్యాటరీకి తగినంత ఆదా ఉండేది కాదు. మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్లు అందుబాటులోకి వచ్చిన తరువాత ఈ పద్ధతి క్రమంగా వెనుకబడిపోయింది.

రెండు ప్రొపెల్లర్లు ఎందుకు

పెద్ద ఓడలలో రెండు ప్రొపెల్లర్లు అమర్చడానికి మూడు కారణాలున్నాయి. ఎక్కువ శక్తిని రెండు ఇరుసులకు పంచవచ్చు. ఒకటి చెడిపోయినా రెండవదానితో రేవు చేరవచ్చు. ఒకదానిని ముందుకు, మరొకదానిని వెనుకకు తిప్పి ఇరుకు చోట ఓడను మళ్ళించవచ్చు. 2021 నవంబరు 21న భారత నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ విశాఖపట్నం, 2022లో చేరిన విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్, రెండూ జంట ఇరుసుల ఓడలే.

ఇటువంటి ఓడకు నమూనా చేసేవారు ముందుగా దానికి ఎంత వేగం అవసరమో లెక్కించుకోవాలి. నమూనా సృష్టించే అలలు అసలు ఓడ అలలను పోలి ఉండాలంటే, ఓడ వేగాన్ని పరిమాణ నిష్పత్తి యొక్క వర్గమూలంతో భాగించాలి. 19వ శతాబ్దపు ఆంగ్ల ఇంజనీరు విలియం ఫ్రూడ్ పేరుతో ఈ సూత్రం ప్రసిద్ధమైనది. ఐఎన్ఎస్ విశాఖపట్నం పొడవు 163 మీటర్లు, బరువు సుమారు 7,400 టన్నులు, వేగం 30 నాట్లు. దీనిని నూరవ వంతు నమూనాగా చేస్తే పొడవు 1.63 మీటర్లు, బరువు సుమారు 7.4 కిలోలు అవుతుంది. నూరుకు వర్గమూలం పది కనుక, తగిన వేగం 3 నాట్లు, అనగా గంటకు 5.6 కిలోమీటర్లు మాత్రమే. ఇది మనిషి చురుకుగా నడిచే వేగం. నమూనా ఓడలలో చాలా వాటికి పందెపు పడవల మోటారులు అవసరం లేదని దీనివలన తెలుస్తుంది. మోటారు చిన్నదైతే కంట్రోలరు కూడా చిన్నదే సరిపోతుంది.

విశాఖపట్నంలో 1969లో ఏర్పడిన నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల, అనగా ఎన్ఎస్‌టిఎల్‌లో ఓడల నమూనాలను శాస్త్రీయంగా పరీక్షిస్తారు. అక్కడ 500 మీటర్ల పొడవైన కాలువ వంటి తొట్టెలో నమూనాలను లాగి నీటి నిరోధాన్ని కొలుస్తారు. 135 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు గల మరొక కొలనులో కృత్రిమంగా అలలు పుట్టించి, సొంత మోటారులతో నడిచే నమూనాలు ఎలా మలుపు తిరుగుతాయో పరిశీలిస్తారు. ఇష్టంకొద్దీ పడవలు చేసేవారికి అటువంటి వసతి లేకపోయినా, నీటిలో పెట్టి కొలిచిన తరువాతే నిర్ణయించాలనే పద్ధతి ఇద్దరికీ ఒక్కటే. నేషనల్ క్యాడెట్ కోర్ నౌకా విభాగంలోని విద్యార్థులకు కూడా ఓడల నమూనాల తయారీ శిక్షణలో ఒక భాగం. అఖిల భారత నౌ సైనిక్ క్యాంపులో ఇది ఒక పోటీ అంశము.

పనిచేయు విధానం

రిసీవర్ నుండి కంట్రోలరుకు సెకనుకు సుమారు 50 సార్లు ఒక చిన్న విద్యుత్ స్పందన అందుతుంది. ఆ స్పందన నిడివి 1.5 మిల్లీసెకన్లు ఉంటే మోటారు ఆగి ఉండాలని, 2 మిల్లీసెకన్లు ఉంటే పూర్తి వేగంతో ముందుకు వెళ్ళాలని, 1 మిల్లీసెకను ఉంటే పూర్తి వేగంతో వెనుకకు వెళ్ళాలని అర్థం.

కంట్రోలరు ఈ ఆదేశాన్ని బట్టి బ్యాటరీ కరెంటును సెకనుకు వేలసార్లు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. తెరచి ఉన్న కాలం ఎక్కువైతే మోటారు వేగంగా, తక్కువైతే నెమ్మదిగా తిరుగుతుంది. ట్రాన్సిస్టరు పూర్తిగా తెరచి గాని, పూర్తిగా మూసి గాని ఉంటుంది కనుక అందులో వృథా అయ్యే శక్తి చాలా తక్కువ. నాలుగు ట్రాన్సిస్టర్లను ఆంగ్ల అక్షరం హెచ్ ఆకారంలో అమర్చడం వలన మోటారును రెండు దిశలలోను తిప్పడం సాధ్యమవుతుంది.

వృథా తక్కువే అయినా పూర్తిగా లేకపోదు. కంట్రోలరు అంతర్గత నిరోధం 10 మిల్లీ ఓములు అనుకుంటే, 20 ఆంపియర్ల వద్ద అందులో 4 వాట్ల వేడి పుడుతుంది. 40 ఆంపియర్ల వద్ద ఇది 8 వాట్లు కాదు, 16 వాట్లు. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగు రెట్లవుతుంది. కంట్రోలర్లు సాధారణంగా కాలిపోయేది ఈ కారణం వలననే.

మోటారు రకాలు

నమూనా పడవలలో రెండు రకాల మోటారులు వాడుతారు.

బ్రష్ మోటారు: ఇందులో కార్బన్ బ్రష్‌లు తిరిగే చుట్టలకు కరెంటును అందిస్తాయి. రెండు తీగలు ఉంటాయి. ధర తక్కువ, తక్కువ వేగంలో నడక మృదువుగా ఉంటుంది. ఒకే రకానికి చెందిన రెండు బ్రష్ మోటారులను ఒకే కంట్రోలరుకు సమాంతరంగా కలపవచ్చు.

బ్రష్‌లెస్ మోటారు: ఇందులో బ్రష్‌లు ఉండవు. మూడు తీగలు ఉంటాయి. తిరిగే అయస్కాంతం ఏ స్థితిలో ఉన్నదో కంట్రోలరు ఎప్పటికప్పుడు గ్రహించి, తదనుగుణంగా చుట్టలకు కరెంటు పంపుతుంది. రెండు మోటారుల అయస్కాంతాలు ఎల్లప్పుడూ ఒకే స్థితిలో ఉండవు. అందువలన బ్రష్‌లెస్ మోటారుకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క కంట్రోలరు తప్పనిసరి. రెండింటిని ఒకే కంట్రోలరుకు కలిపితే అవి తడబడి ఆగిపోతాయి, కంట్రోలరు కాలిపోవచ్చు.

కాబట్టి బ్రష్‌లెస్ పడవ విషయంలో మొదటి ప్రశ్నకు జవాబు సిద్ధంగానే ఉన్నది. ఎంచుకొనే స్వేచ్ఛ బ్రష్ మోటారులకు మాత్రమే ఉంటుంది. ఈ క్రింది లెక్కలు ముఖ్యంగా వాటికి సంబంధించినవి.

ఎన్ని ఆంపియర్లు

మోటారు తనంత తానుగా ఇన్ని ఆంపియర్లు అని నిర్ణయించుకోదు. దానిపై పడే భారమే కరెంటును నిర్ణయిస్తుంది. గాలిలో ఖాళీగా తిరిగే మోటారు అర ఆంపియరు తీసుకుంటే, అదే మోటారు నీటిలో ప్రొపెల్లరును తిప్పేటప్పుడు నాలుగైదు ఆంపియర్లు తీసుకోవచ్చు. ఒకే వేగంతో తిప్పినపుడు ప్రొపెల్లరుకు అవసరమయ్యే శక్తి దాని వ్యాసం యొక్క ఐదవ ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది. 35 మిల్లీమీటర్ల ప్రొపెల్లరుకు బదులు అదే ఆకృతి గల 40 మిల్లీమీటర్ల ప్రొపెల్లరు వేస్తే, కంటికి తేడా స్వల్పంగానే కనిపిస్తుంది గాని, అదే వేగానికి కావలసిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది. ప్రొపెల్లరు మార్చిన ప్రతిసారీ కరెంటును మరల కొలవాలి.

నడక కరెంటు కొలిచే విధానం

పడవను నీటి తొట్టెలో ఉంచి, కదలకుండా తాడుతో కట్టి, పూర్తిగా నిండిన బ్యాటరీతో ఒక మోటారును పూర్తి వేగంతో కొద్ది సెకన్లు నడపాలి. బ్యాటరీకి, కంట్రోలరుకు మధ్య వాట్ మీటరు గాని, డిసి కరెంటును కొలవగల క్లాంప్ మీటరు గాని ఉంచి అంకెను నమోదు చేసుకోవాలి. సాధారణ మల్టీమీటర్లలో చాలావరకు 10 ఆంపియర్లకు మించి కొలవలేవు. కట్టివేసిన పడవలో భారం ఎక్కువగా ఉంటుంది కనుక, పడవ స్వేచ్ఛగా పోయేటప్పుడు కరెంటు ఇంతకంటె కొంత తగ్గుతుంది.

స్టాల్ కరెంటు లెక్కించే విధానం

ఇరుసు తిరగకుండా ఆగిపోయినపుడు మోటారు తీసుకొనే కరెంటును స్టాల్ కరెంటు అంటారు. ఆ స్థితిలో మోటారు ఒక తీగ చుట్ట మాత్రమే. దాని నిరోధం తప్ప కరెంటును అడ్డుకొనేది మరొకటి ఉండదు. పూర్తి వోల్టేజీతో దీనిని నేరుగా కొలవడం వలన మోటారు చెడిపోవచ్చు. అందుకు బదులుగా ఇరుసును గట్టిగా పట్టి ఉంచి, 1.2 వోల్టుల రీచార్జి సెల్ ఒకదానిని క్షణకాలం కలిపి, మోటారు కొనల మధ్య వోల్టేజీని, కరెంటును కొలవాలి. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం వస్తుంది. ఉదాహరణకు 1.2 వోల్టుల వద్ద 1.6 ఆంపియర్లు వస్తే నిరోధం 0.75 ఓములు. ఆ మోటారును 12 వోల్టుల బ్యాటరీతో నడిపితే స్టాల్ కరెంటు 12 ను 0.75 తో భాగించగా వచ్చే 16 ఆంపియర్లు.

పెట్టెపై ఉండే అంకెలు

చౌక బ్రష్ కంట్రోలర్లపై 320 ఆంపియర్లు అని అచ్చువేసి ఉండటం పరిపాటి. ఇది లోపలి ట్రాన్సిస్టర్ల సామర్థ్యాలను కాగితంపై కూడగా వచ్చిన అంకె. ఆ కంట్రోలరుకు ఉన్న సన్నని తీగలు, చిన్న వేడి పలక అందులో పదవ వంతును కూడా ఎక్కువసేపు మోయలేవు. చూడవలసినది నిరంతరంగా మోయగల కరెంటు. క్షణకాలపు గరిష్ఠ కరెంటును లెక్కలోకి తీసుకోరాదు.

ఒకటా, రెండా

రెండు బ్రష్ మోటారులను నడపడానికి నాలుగు అమరికలు వాడుకలో ఉన్నాయి.

1. ఒక కంట్రోలరు, మోటారులు సమాంతరంగా: ఖర్చు తక్కువ, తీగలు తక్కువ. రెండు మోటారులు ఎల్లప్పుడూ ఒకే వోల్టేజీతో నడుస్తాయి. మళ్ళించడానికి చుక్కాని మాత్రమే ఆధారం. కంట్రోలరు రెండు మోటారుల మొత్తం కరెంటును మోయాలి. అది చెడిపోతే పడవ అక్కడే ఆగిపోతుంది.

2. ఒక కంట్రోలరు, మోటారులు శ్రేణిలో: ఒక్కొక్క మోటారుకు బ్యాటరీ వోల్టేజీలో సుమారు సగం అందుతుంది. ఒక ప్రొపెల్లరు చిక్కుకుంటే రెండవ మోటారుకు ఎక్కువ వోల్టేజీ చేరి అది విపరీత వేగంతో తిరుగుతుంది. అందుచేత ఈ అమరిక మంచిది కాదు.

3. రెండు కంట్రోలర్లు, ఒకే ఆదేశం: రిసీవర్ నుండి వచ్చే తీగను రెండుగా చీల్చి రెండు కంట్రోలర్లకు కలుపుతారు. ఒకటి చెడిపోయినా రెండవదానితో ఒడ్డు చేరవచ్చు. ఒక్కొక్క కంట్రోలరు ఒక మోటారు భారాన్ని మాత్రమే మోస్తుంది.

4. రెండు కంట్రోలర్లు, వేరువేరు ఆదేశాలు: వేగపు ఆదేశాన్ని, మలుపు ఆదేశాన్ని కలిపి ఒక్కొక్క మోటారుకు వేరువేరుగా పంపుతారు. దీనిని మిక్సింగ్ అంటారు. ఇది ట్రాన్స్‌మిటరులోనే ఉండవచ్చు, లేదా పడవలో ఒక చిన్న మిక్సరు పలకను అమర్చవచ్చు.

మిక్సింగ్‌లో ఎడమ మోటారుకు వేగం, మలుపుల కూడిక, కుడి మోటారుకు వాటి తీసివేత అందుతాయి. వేగం 60, కుడివైపు మలుపు 30 అయితే ఎడమ మోటారు 90, కుడి మోటారు 30 వంతున తిరుగుతాయి. వేగం సున్న, మలుపు 50 అయితే ఒకటి ముందుకు, మరొకటి వెనుకకు అంతే వేగంతో తిరిగి, పడవ ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతుంది. వేగం ఇప్పటికే 100 ఉంటే ఎడమ మోటారు మరింత పెరగలేదు, కుడి మోటారు మాత్రమే తగ్గుతుంది.

టగ్గు పడవలు, రేవులో మలుపులు తిరగవలసిన యుద్ధనౌకల నమూనాలకు నాలుగవ అమరిక తగినది. చెరువులో తిన్నగా తిరిగే చిన్న పడవకు మొదటిది సరిపోతుంది. ప్రవాహం గల నీటిలోను, లోతు ఎక్కువ ఉన్న చోటను నడిపే పడవకు మూడవది లేదా నాలుగవది మేలు.

రెండు కంట్రోలర్లు వాడేటప్పుడు అవి ఒకే కంపెనీకి చెందిన ఒకే రకానివై ఉండాలి. రెండింటికీ ఆగు స్థానాన్ని, గరిష్ఠ స్థానాన్ని ఒకే విధంగా నిర్ణయించాలి. లేనిచో చుక్కాని తిన్నగా ఉన్నా పడవ ఒక ప్రక్కకు లాగుతుంది.

ఫ్యూజు

కంట్రోలరు ఎంపికలో భాగమైనా తరచుగా విస్మరింపబడేది ఫ్యూజు. ప్రతి మోటారుకు వేరుగా ఒక ఫ్యూజు ఉండాలి. దాని విలువ నడక కరెంటు కంటె ఎక్కువగాను, కంట్రోలరు నిరంతర సామర్థ్యం కంటె తక్కువగాను ఉండాలి. కార్లలో వాడే బ్లేడు ఫ్యూజులు ఇందుకు అనుకూలమైనవి, మోటారు వాహనాల విడిభాగాల దుకాణాలలో దొరుకుతాయి.

ఒక కంట్రోలరుకు రెండు మోటారులను సమాంతరంగా కలిపిన పడవలో ఈ పద్ధతికి ప్రత్యేక ప్రయోజనం ఉన్నది. ఒక ప్రొపెల్లరు చిక్కుకుంటే ఆ మోటారు ఫ్యూజు మాత్రమే కాలుతుంది. మిగిలిన మోటారుతో పడవ నెమ్మదిగానైనా తిరిగి వస్తుంది. బ్యాటరీ వద్ద రెండింటికీ కలిపి ఒకే ఫ్యూజు ఉంటే, ఒక ప్రొపెల్లరుకు చుట్టుకున్న తీగ రెండు మోటారులనూ ఆపివేస్తుంది.

ఒక ఉదాహరణ

అత్యవసర దీపాలలో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల లెడ్ యాసిడ్ బ్యాటరీతో, పైన లెక్కించిన 0.75 ఓముల మోటారులు రెండు అమర్చిన పడవను తీసుకొందాము. కట్టివేసి కొలిచినపుడు ఒక్కొక్క మోటారు 4 ఆంపియర్లు తీసుకున్నది అనుకుంటే:

* రెండు మోటారులు సక్రమంగా నడుస్తున్నపుడు: 8 ఆంపియర్లు
* ఒకటి చిక్కుకొని, మరొకటి నడుస్తున్నపుడు: 16, 4 కలిపి 20 ఆంపియర్లు
* రెండూ చిక్కుకున్నపుడు: 32 ఆంపియర్లు

ఒకే కంట్రోలరు వాడదలచితే నిరంతరంగా 30 నుండి 40 ఆంపియర్లు మోయగలది తీసుకొని, ప్రతి మోటారుకు 7.5 ఆంపియర్ల ఫ్యూజు అమర్చాలి. రెండు కంట్రోలర్లు వాడదలచితే ఒక్కొక్కటి 20 ఆంపియర్లది చాలును, ఫ్యూజులు అవే. 8 ఆంపియర్లకు 10 ఆంపియర్ల కంట్రోలరు సరిపోతుందని భావించినవారి పడవ నిర్మలమైన నీటిలో ఎన్నాళ్ళయినా నడవవచ్చు. నాచు తగిలిన మొదటి రోజున దాని కంట్రోలరు కాలిపోతుంది.

7 ను 8 తో భాగించి ఈ పడవ 52 నిమిషాలు నడుస్తుందని అనుకోరాదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ సామర్థ్యాన్ని సాధారణంగా 20 గంటలపాటు నెమ్మదిగా వాడినపుడు కొలుస్తారు. 8 ఆంపియర్ల చొప్పున వాడితే సుమారు అరగంటకే అది అలసిపోతుంది.

రిసీవర్‌కు విద్యుత్తు

చాలా కంట్రోలర్లలో రిసీవర్‌కు, చుక్కాని సర్వోకు 5 వోల్టులు అందించే బిఇసి అనే ఉపభాగం ఉంటుంది. దీనివలన రిసీవర్‌కు ప్రత్యేక బ్యాటరీ అవసరం ఉండదు. ఇందులో రెండు రకాలున్నాయి. లీనియర్ రకం మిగులు వోల్టేజీని వేడిగా మారుస్తుంది. 12 వోల్టుల బ్యాటరీ నుండి 5 వోల్టుల వద్ద ఒక ఆంపియరు ఇస్తే అందులో 7 వాట్లు వేడిగా పోతాయి. స్విచ్చింగ్ రకం అంత వేడెక్కదు. 12 వోల్టుల పడవకు స్విచ్చింగ్ రకం మేలు.

రెండు కంట్రోలర్లు ఉన్నపుడు రెండు బిఇసిలు ఒకే రిసీవర్‌కు విద్యుత్తును పంపుతాయి. వాటి వోల్టేజీలు సరిగ్గా ఒకటిగా ఉండవు కనుక ఒకదానికొకటి అడ్డుపడవచ్చు. అందువలన ఒక కంట్రోలరు నుండి రిసీవర్‌కు వచ్చే మూడు తీగలలో మధ్యనున్న ఎర్ర తీగను ప్లగ్గు నుండి తప్పించి, టేపు చుట్టి ఉంచాలి. నల్ల తీగను, సంకేతపు తీగను మాత్రం తప్పించరాదు.

రెండు కంట్రోలర్ల నల్ల తీగలు రిసీవర్ ద్వారా ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. ఒక కంట్రోలరుకు బ్యాటరీ నుండి వచ్చే లావు నల్ల తీగ ఊడిపోతే, మోటారు కరెంటు మొత్తం రిసీవర్‌కు వెళ్ళే సన్నని తీగ గుండా తిరిగి వస్తుంది. ఆ తీగ క్షణాలలో కాలుతుంది. బ్యాటరీ కలుపులు గట్టిగా ఉండాలి అనడానికి ఇది ఒక ముఖ్య కారణం.

బ్యాటరీ మరియు తక్కువ వోల్టేజీ రక్షణ

లిథియం పాలిమర్ బ్యాటరీ ఒక్కొక్క సెల్ వోల్టేజీ 3 వోల్టుల కంటె తగ్గితే పాడైపోతుంది. కాబట్టి కంట్రోలరు ముందుగానే మోటారును ఆపే ఏర్పాటు ఉంటుంది. పడవకు అకస్మాత్తుగా ఆపివేసే రకం కంటె క్రమంగా వేగాన్ని తగ్గించే రకం మంచిది. నడి చెరువులో ఒక్కసారిగా ఆగిన పడవ దానంతట అది ఒడ్డు చేరదు.

రెండు మోటారులకు రెండు వేరువేరు బ్యాటరీలు పెడితే ఒకటి ముందుగా అయిపోయి, పడవ గుండ్రంగా తిరగడం ప్రారంభిస్తుంది. వీలైనంతవరకు రెండు కంట్రోలర్లకు ఒకే బ్యాటరీ ఉండటం శ్రేయస్కరం. బ్రష్‌లెస్ కంట్రోలర్లకు బ్యాటరీ తీగలను పొడిగించరాదు. అవసరమైతే మోటారు వైపు తీగలను పొడిగించాలి.

కారు, విమానపు కంట్రోలర్లు

దుకాణాలలో నమూనా కార్ల, విమానాల కంట్రోలర్లు సులభంగా దొరుకుతాయి. వాటిని పడవలో వాడటంలో చిక్కులున్నాయి. కార్ల కంట్రోలరులో మీటను వెనుకకు లాగితే ముందుగా బ్రేకు పడుతుంది, రెండవసారి లాగితే గాని వెనుకకు పోదు. ఒడ్డును ఢీకొనబోయే పడవకు ఆ ఆలస్యం ప్రమాదకరం. విమానాల కంట్రోలర్లలో సాధారణంగా వెనుక నడక ఉండదు. పైగా అవి ప్రొపెల్లరు గాలితో చల్లబడేటట్లు తయారైనవి. మూసిన పడవలో ఆ గాలి ఉండదు. పడవల కంట్రోలర్లలో బ్రేకు లేకుండా వెంటనే వెనుక నడక, తేమ చొరబడకుండా పూత, కొన్నింటిలో నీటితో చల్లబరిచే గొట్టం ఉంటాయి. ఈ గొట్టంలోకి ప్రొపెల్లరు వెనుక నుండి నీరు ఎక్కి, పడవ ప్రక్కనున్న రంధ్రం గుండా బయటకు పోతుంది.

కృష్ణా మెట్ట ప్రాంతంలో పరిస్థితులు

విజయవాడ - హైదరాబాదు జాతీయ రహదారిపై కంచికచర్ల మండలంలో ఉన్న పరిటాల, ఆ దారిలోనే ఉన్న నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలను కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంగా వ్యవహరించేవారు. 2022 ఏప్రిల్ 4 నుండి ఇవి ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. ఈ ప్రాంతపు నీటి వనరులు ఊరి చెరువులు, నాగార్జునసాగర్ ఎడమ కాలువ, మునేరు, పాలేరు మరియు కృష్ణా నది. కంట్రోలరు తయారీదారులు ఇచ్చే అంకెలు చల్లని దేశాల కొలనులను దృష్టిలో ఉంచుకొన్నవి కావచ్చు. ఇక్కడ మూడు విషయాలను అదనంగా గమనించాలి.

ఎండ: మెట్ట ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రతలు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మూత వేసి ఎండలో ఉంచిన పడవ లోపల వేడి ఇంకా ఎక్కువ. కంట్రోలరు తన వేడిని చుట్టూ ఉన్న గాలికి వదలాలి. ఆ గాలియే వేడిగా ఉంటే అది మోయగల కరెంటు తగ్గుతుంది. అందువలన లెక్కకు వచ్చిన దానికంటె కనీసం ఒకటిన్నర రెట్లు సామర్థ్యం గల కంట్రోలరు తీసుకోవాలి. ఉదయం, సాయంకాలం వేళలలో నడపడం మంచిది. లిథియం బ్యాటరీలను ఎండలో నిలిపిన వాహనంలో వదలిపెట్టరాదు.

గుర్రపుడెక్క, నాచు: దక్షిణ అమెరికా నుండి వచ్చిన గుర్రపుడెక్క కృష్ణా జిల్లా కాలువలలో, చెరువులలో విస్తారంగా పెరుగుతుంది. దీని పీచువేళ్ళు ప్రొపెల్లరు ఇరుసుకు చుట్టుకొని దానిని పూర్తిగా ఆపివేయగలవు. చేపల వలల ముక్కలు, ప్లాస్టిక్ సంచులు కూడా ఇదే పని చేస్తాయి. ఇటువంటి నీటిలో స్టాల్ కరెంటు అరుదైన ప్రమాదం కాదు, ఎప్పుడైనా ఎదురయ్యేదే. పడవ వేగం తగ్గిందని గమనించిన వెంటనే మీటను మరింత ముందుకు నెట్టడం సహజమైన పొరపాటు. అప్పుడు మీటను ఆగు స్థానానికి తెచ్చి, కొద్దిసేపు వెనుకకు నడిపి, చిక్కు వదలుతుందేమో చూడాలి.

ప్రవాహం: కాలువలోను, వానల తరువాత మునేరులోను ఆగిపోయిన పడవ ప్రవాహంతో కొట్టుకుపోతుంది. ఎంత విలువైన పడవ అయినా దానికోసం మనిషి నీటిలోకి దిగరాదు. కాలువల గట్లు నిట్రంగా, జారుడుగా ఉంటాయి. చెరువులలో మట్టి తవ్విన గుంతలు పైకి కనిపించవు. సరైన ఫ్యూజులు, రెండు కంట్రోలర్లు ఉన్న పడవ ఒక మోటారుతోనైనా తిరిగి వస్తుంది కనుక, నీటిలోకి దిగవలసిన ఆలోచన రాకుండా చేస్తుంది. పిల్లలు నడిపే పడవ విషయంలో కొన్ని వందల రూపాయల అదనపు ఖర్చుకు ఇది తగిన కారణము.

నీటిలో దించే ముందు

* రెండు ప్రొపెల్లర్లు ఎదురెదురు దిశలలో తిరుగుతున్నాయో లేదో చూడాలి. బ్రష్ మోటారుకు రెండు తీగలను, బ్రష్‌లెస్ మోటారుకు మూడింటిలో ఏవైనా రెండు తీగలను తారుమారు చేస్తే దిశ మారుతుంది.
* బ్రష్ మోటారు కొనల మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు అతికించాలి. బ్రష్‌ల వద్ద పుట్టే నిప్పురవ్వలు రేడియో సంకేతానికి అంతరాయం కలిగించకుండా ఇది కాపాడుతుంది.
* ముందుగా ట్రాన్స్‌మిటరును, తరువాత పడవను ఆన్ చేయాలి. ఆపేటప్పుడు పడవను ముందుగా ఆపాలి.
* పడవను గట్టిగా పట్టుకొని ట్రాన్స్‌మిటరును ఒకసారి ఆపి చూడాలి. సంకేతం పోయినపుడు రెండు మోటారులూ ఆగిపోవాలి. ఒకటి ఆగి, మరొకటి తిరుగుతూ ఉంటే అమరికను సరిచేయాలి.
* రిసీవర్ యాంటెనాను నీటి మట్టానికి పైన ఉంచాలి. 2.4 గిగాహెర్ట్జ్ సంకేతాలు నీటి గుండా పోలేవు.
* ఐదు నిమిషాలు నడిపిన తరువాత పడవను ఒడ్డుకు తెచ్చి కంట్రోలర్లను చేతితో తాకి చూడాలి. వేలు నిలుపలేనంత వేడిగా ఉంటే ప్రొపెల్లరు పెద్దదైనా కావాలి, కంట్రోలరు చిన్నదైనా కావాలి. ఒకటి మాత్రమే వేడెక్కితే ఆ ప్రక్క ఇరుసు బిగుసుకొని ఉందేమో పరిశీలించాలి.

ఇవి కూడా చూడండి

* విద్యుత్ మోటారు
* ఓమ్ నియమము
* ప్రొపెల్లరు
* నికోలా టెస్లా
* గుర్రపుడెక్క
* పరిటాల